ఆ శుక్రవారం మా విల్లాలో పొయ్యి వెలగలేదు

మా చిన్నప్పుడు... దోహాలో శుక్రవారం సెలవు... పొద్దున్నే మా విల్లా వంటింట్లో పెద్ద యుద్ధమే జరిగేది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర పాత విల్లా అది. గదికో కాపురం. వంటిల్లు మాత్రం అందరికీ ఒక్కటే... గ్యాస్ పొయ్యీ ఒక్కటే. "నా కుక్కర్ ఎవరు దించారండీ?" "నేనే దింపిన తియ్, ఇంకో విజిల్ వస్తే నీ పప్పు గంజయ్యేది!"... అబ్బో, ఆ గోల!

ఆ గోలను అదుపులో పెట్టేది మా నర్సవ్వ పెద్దమ్మ. చుట్టమేమీ కాదు, ఎదురు గది ఆవిడ. మాలాగే జగిత్యాల వైపు మనిషి కాబట్టి అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ అయిపోయింది. పొయ్యి దగ్గర ఎవరి వంతు ఎప్పుడో ఆవిడే చెప్పేది. నోరు కాస్త పెద్దదే... కానీ ఆవిడ మాట ఎవరూ కాదనేవారు కాదు. తన వంతు ఎప్పుడూ అందరికన్నా ఆఖరున పెట్టుకునేది మరి.

గేటు పక్క చిన్న గదిలో ఓబులేసు మామ ఉండేవాడు. కడప వైపు మనిషి. మా విల్లా ఓనరు ఇంట్లో డ్రైవరు... ఆ ఓనరే ఆయన కఫీలు, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని. భార్యాపిల్లలు ఊళ్లో, తనొక్కడే ఇక్కడ. గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో మొహమాటంగా నిలబడితే పెద్దమ్మ కసిరేది. "గట్ల నిలవడితే బువ్వ ఉడుకుతదా తమ్మీ? డ్యూటీకి పోయేటోనివి, ముందుగాల నువ్వు వండుకో!"

ఒక శుక్రవారం... పెద్దనాన్న వచ్చే రోజు. ఆయన పని సముద్రంలో ఆయిల్ రిగ్గు మీద, నెలకోసారి ఇంటికొచ్చేవాడు. "గా మెస్సు తిండికి నాలుక సచ్చిపోయుంటది పాపం" అంటూ పెద్దమ్మ ముందు రోజే మటన్‌కి మసాలా పట్టించి పెట్టింది.

ఎప్పటిలాగే మొదటి వంతు ఓబులేసు మామది. బియ్యం కడుగుతున్నాడు... కడిగిందే కడుగుతున్నాడు.

"ఏందది తమ్మీ, ఆ బియ్యం అరిగిపోతయ్!" అంది పెద్దమ్మ నవ్వుతూ.

"మా యమ్మ పోయిందక్కా... తెల్లార్తానే ఫోన్ జేసినారు" అన్నాడు మామ. అనేసి, గిన్నె పొయ్యి మీద పెట్టి వెలిగించాడు.

ఊరికి ఎలా వెళ్తాడు? కఫీలు వేరే దేశంలో ఉన్నాడు. ఆయన అనుమతి లేనిదే దేశం దాటే వీల్లేదు అప్పట్లో. కాసేపట్లో కఫీలు తల్లిని కారులో తీసుకెళ్లే డ్యూటీ ఉంది. పాపం... తల్లి పోయినా కూర్చుని ఏడ్చే తీరిక లేదు ఆయనకి.

పెద్దమ్మ గబుక్కున వచ్చి పొయ్యి ఆర్పేసింది. "మనిషి పోయిన ఇంట్ల పొయ్యి ముట్టిస్తరా?"

"నా ఇల్లు యాడుందక్కా ఈడ?" అన్నాడు మామ.

పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి సిలిండర్ కూడా కట్టేసింది. "గిదే నీ ఇల్లు. ఇయ్యాల ఈ ఇంట్ల పొయ్యి ముట్టది."

గిన్నెలు పట్టుకుని వంతు కోసం నిలబడ్డ ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుంటూరు పద్మ ఆంటీ మెల్లగా అంది... "మనమేం చుట్టాలం కాదు కదండీ నర్సక్కా, మనకి మైల ఉండదు. పిల్లలు ఆకలికి ఆగరు..."

"మైల సంగతి నాకెర్క లేదమ్మా. తల్లి పోయిన పిలగాడు గీడ నిలవడి ఉంటే, మనం మటన్ ఉడకవెట్టుకుంటమా? నాకైతే మనసొప్పుతలేదు."

పద్మ ఆంటీ కుక్కర్ కింద పెట్టి, తనే బేకరీకి వెళ్లి అందరికీ ఖుబూస్ రొట్టెలు తెచ్చింది. పెరుగులో ముంచుకుని తిన్నాం. మా నాన్న వెళ్లి కఫీలు తల్లికి సంగతి చెప్పాడు. "ఈరోజు డ్యూటీ మాఫీ" అని, కొడుక్కి తనే ఫోన్ చేస్తానందట ఆ ముసలావిడ.

మసాలా పట్టించిన మటన్‌ని పెద్దమ్మ గిన్నెతో సహా ఎదురు విల్లా కేరళ ఆంటీకి ఇచ్చేసింది. మధ్యాహ్నం పెద్దనాన్న రానే వచ్చాడు. "ఏందే, మటన్ వాసన వస్తలేదు?" అన్నాడు గుమ్మంలోనే. సంగతి విన్నాక బ్యాగు అక్కడే పెట్టి, గేటు గదిలో మామ పక్కన కూర్చున్నాడు. సాయంత్రం దాకా బయటికి రాలేదు.

పొయ్యి వెలగని ఇంటికి పక్కవాళ్లే కదా అన్నం పంపాలి... పొద్దుగూకే వేళకి కేరళ ఆంటీ అన్నం, సాంబారు పెద్ద గిన్నెల్లో పట్టుకొచ్చింది. విల్లా మొత్తానికి! పెద్దమ్మ మొదటి ముద్ద కలిపి మామ చేతిలో పెట్టింది. అప్పుడు ఏడ్చాడు మామ... వెక్కి వెక్కి ఏడ్చాడు. అందరం తిన్నాక గిన్నె అడుగున మిగిలింది పెద్దమ్మ తింది.

కఫీలు అనుమతి పంపాడు. పెద్దకర్మ నాటికి మామ ఊరు చేరాడు.

ఇప్పుడా విల్లా లేదు, కూల్చేశారు. పెద్దమ్మ వాళ్లు ఎప్పుడో ఊరికి వెళ్లిపోయారు. పెళ్లయ్యాక నేను మళ్లీ దోహాకే వచ్చాను. మాది ఫ్లాట్... వంటిల్లు నా ఒక్కదానిదే. వంతుల్లేవు, గొడవల్లేవు.

మొన్నీమధ్య పొద్దున్నే ఊరి నుంచి ఫోన్... నర్సవ్వ పెద్దమ్మ ఇక లేదని. పిల్లల్ని బడికి పంపాలి కదా... ఏడుస్తూనే పాలు స్టవ్ మీద పెట్టాను. ఇంతలో బెల్ మోగింది. తలుపు తీస్తే ఓబులేసు మామ! ఇంకా దోహాలోనే పనిచేస్తున్నాడు, ఆయనకి రాత్రే ఫోన్ వచ్చిందట. జుట్టంతా తెల్లబడిపోయింది. చేతిలో క్యారియర్.

"పొయ్యి అంటిచ్చినావా పాపా?"

లోపలికి వెళ్లి స్టవ్ ఆపేసి వచ్చాను.

"నా రూములో గూడా అంటిచ్చలేదు. మా రూమోళ్లు పక్క రూములో వండి, నీక్కూడా పంపిచ్చినారు" అన్నాడు. ఆ రూము వాళ్లలో ఒకరిది నేపాల్, ఒకరిది శ్రీలంక. పెద్దమ్మను వాళ్లు ఎన్నడూ చూసింది లేదు.

క్యారియర్ విప్పి మొదటి ముద్ద మామ చేతిలోనే పెట్టాను. "మా యమ్మ మళ్లీ పోయినట్టుంది పాపా" అన్నాడు...

ఇప్పుడు మా అంతస్తులో ఎన్ని తలుపులో అన్ని పొయ్యిలు. ఇవాళ ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పక్కింటికి కూడా తెలియదు. మీ ఇంట్లో పొయ్యి వెలగని రోజున అన్నం పట్టుకొచ్చిన మనిషి ఎవరు...? ఒక్కసారి వాళ్ల పేరు తలుచుకుని ఇక్కడ చెప్పరూ.