బ్రేకు తొక్కాలని తెలుసు, కాలు కదలలేదు

మా బస్సుల షెడ్డులో ఈనాటికీ కొందరు డ్రైవర్లు కడుపునొప్పి వచ్చినా, దగ్గు వచ్చినా నల్లమందు గోలీ దవడన పెట్టుకొని స్టీరింగ్ పడుతున్నారు. వద్దంటే, "నీ పానం గట్టిది గాదన్నా, మేం తట్టుకుంటం" అని నా ముందే నవ్వుతున్నారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన కొద్ది వారాలకు, మెదక్ నుంచి పాపన్నపేటకు నేను నడిపే బస్సును విరేచనాలతో దారిలో మూడుసార్లు ఆపి పొలంలోకి పరుగెత్తాను. మూడోసారి నెత్తురు పడింది. దవాఖానలో డాక్టర్ రూతమ్మగారు స్టూల్ టెస్ట్ చేయించి, "అమీబిక్ డిసెంట్రీ" అన్నారు. "ఎమెటిన్ ఇంజెక్షన్లు ఇస్తం. గుండె మీద పడుతది, మంచం దిగొద్దు. బండి మాట మర్చిపో."

మంచం పడితే బస్సు ఇంకొకరికి ఇస్తారని భయపడి, ఇంజెక్షన్లు వేయించుకోకుండానే వచ్చేశాను. పైగా నాకు చదువు మీద గర్వం. బడికి పోయింది తక్కువే అయినా, గ్రంథాలయంలో రెండు బీరువాల పుస్తకాలు పూర్తి చేశాను. అక్కడి గృహవైద్యం పుస్తకంలో నల్లమందు విరేచనాలను ఆపుతుందని ఉంది. ఎంత తూకం వేసుకోవాలో రాసుకొని వచ్చాను. ఆ తూకం మంచం మీదున్న రోగికని నాకు తోచలేదు.

మొదటి గోలీతోనే విరేచనాలు కట్టాయి. పది రోజులయ్యేసరికి ఒకటి చాలలేదు, రెండు వేసుకున్నాను. తూలలేదు, నిద్ర ముంచుకు రాలేదు. కనుక మత్తు లేదనుకున్నాను. కండక్టర్ యాదగిరి మాత్రం, "అన్నా, గేరు మార్చుడు యాది మరుస్తున్నవ్. జర పైలం" అన్నాడు.

"నువ్వు టికెట్లు చూస్కో" అన్నాను.

ఒక ఉదయం ఊరు దాటగానే మిలిటరీవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు కట్టి ఉన్నారు. సిపాయి చెయ్యెత్తి "రుకో!" అన్నాడు. చెయ్యి కనిపించింది. మాట వినిపించింది. బ్రేకు తొక్కాలని తెలుసు. కాలు మాత్రం మరెవరిదో అయినట్టు ఉండిపోయింది. బొంగు విరిగింది. అవతల ఆగి ఉన్న ఎడ్లబండిని బస్సు గుద్దింది. స్టీరింగ్ నా రొమ్ముకు తగిలింది. తుపాకులన్నీ మా వైపు తిరిగాయి. యాదగిరి రెండు చేతులూ పైకెత్తి దిగుతూ, "మత్ మారో సాబ్! డ్రైవర్ బీమార్!" అని అరిచాడు.

ఆ ఎడ్లబండి తోలే ఎల్లయ్య కాలు చక్రం కింద నలిగింది. ఇద్దరినీ ఒకే లారీలో దవాఖానకు తెచ్చారు.

ఊపిరి తీస్తే పక్కటెముకలు పొడుస్తున్నాయి. సిస్టర్ ఎస్తేరు మార్ఫియా సూదితో వచ్చింది. డాక్టరమ్మ నా కళ్లలోకి టార్చి కొట్టి చూసి, ఆమె చెయ్యి ఆపారు.

"ప్యూపిల్స్ సూదిమొనలెక్క ఉన్నయ్. ఏం తిన్నవ్?"

"ఏం లేదమ్మా."

"నల్లమందు తిన్నోనికి ఇది ఇస్తే శ్వాస ఆగుతది. మల్ల అడుగుతున్న. తిన్నవా?"

మంచం పక్కనే పోలీసు అమీన్ కాగితం పట్టుకొని నిలబడ్డాడు. "మస్తు కితాబులు చదివినవట గదా, చెప్పు. నేన్గూడ రాసుకోవాలె" అన్నాడు.

ఔనంటే లైసెన్సు పోతుంది, జైలు. కాదంటే సూది.

"పొద్దున రెండు గోలీలు" అన్నాను. అమీన్ రాసుకున్నాడు. సూది వెనక్కి పోయింది.

పక్కటెముకలకు పట్టీ కట్టారు. రెండో రోజు నుంచి, నల్లమందు మానితే వచ్చే బాధ, డాక్టరమ్మ మాటలో విత్‌డ్రాయల్, మొదలైంది. ముక్కు కారడం, ఆవలింతలు, కాళ్ల మెలికలు. ఆగాయనుకున్న విరేచనాలు రెట్టింపయ్యాయి. "నువ్వు రోగాన్ని తగ్గించలే, దాసిపెట్టినవ్" అన్నారు ఆమె. అది నెమ్మదించాకే ఎమెటిన్ మొదలుపెట్టారు.

అదాలత్‌లో, మందుగా తిన్నానని చెప్పుకున్నాను. "దేనికోసం తిన్నా, ఆ మనిషి కాలు విరిగింది గదా" అన్నారు మున్సిఫ్. ఆరు నెలల ఖైదు, లైసెన్సు రద్దు.

ఇప్పుడు షెడ్డులో ఇంజన్లు బాగుచేస్తాను. బస్సు బయటికి తీయాల్సి వస్తే ఇంకొకరిని పిలుస్తాను. చదివేవారికి ఒక్క మాట: ఎవరు ఏ మందు ఇచ్చినా, "ఇది వేసుకొని బండి నడపొచ్చా?" అని ముందు అడగండి.

డాక్టర్ రూతమ్మగారికి, సిస్టర్ ఎస్తేరుకు, తుపాకుల ముందు దిగిన యాదగిరికి, ఖైదు నాళ్లలో ఇల్లు నడిపిన నా భార్య లచ్చమ్మకు నమస్కారాలు. చంకకర్రల మీద అదాలత్‌కు వచ్చి, జరిగింది జరిగినట్టే చెప్పి, మెట్ల మీద నన్ను ఆపి "కడుపెట్లున్నది ఇప్పుడు?" అని అడిగిన ఎల్లయ్యకు కూడా.