ఎస్తేరు రాణి మొదటి కార్డు

2022లో నేను ఆమదాలవలసలో ఒక బ్యాంకు శాఖలో రుణాల డెస్కు చూసేవాణ్ణి. క్రెడిట్ కార్డుల దరఖాస్తులు కూడా నా బల్ల మీదికే వచ్చేవి. ధాన్యం వ్యాపారులు, మిల్లుల్లో పనిచేసేవాళ్లు, రైలు దిగి నేరుగా బ్యాంకుకే వచ్చే పల్లెలవాళ్లు... పొద్దున్న పదిన్నరకల్లా శాఖ నిండిపోయేది. కార్డు అడిగేవాళ్లు తక్కువ. కానీ నెలకు ఇన్ని కార్డులు ఇప్పించాలని పైనుంచి ఒక అంకె వచ్చేది. దాన్ని మేము టార్గెట్ అంటాం. నెల మొదట్లో ఆ మాట వినిపించదు. నెలాఖరుకు అది తప్ప మరో మాట వినిపించదు.

అలాంటి ఒక నెలాఖరులోనే ఎస్తేరు రాణి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఊరి చివర ఒక రైసుమిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం. జీతం మా శాఖలోనే పడేది. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే అడిగింది.

"సార్, నాకో క్రెడిట్ కార్డు కావాలి. ఇదే మొదటిది. ఏది తీసుకుంటే ముందుముందు పెద్దదవుతాదో అది సెప్పండి."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అలా అడిగినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఏ కార్డుకు ఏ బహుమతి వస్తుందనే అందరూ అడుగుతారు. ఈమె ఎంత ఆలోచించుకుని వచ్చిందో నేను గమనించాల్సింది. గమనించలేదు. నాకు ఆ నెల ప్రీమియం కార్డులు రెండు తక్కువ పడుతున్నాయి. ప్రీమియం అంటే ఏడాదికోసారి రుసుము కట్టించుకుని, విమానాశ్రయంలో విశ్రాంతి గది లాంటి సదుపాయాలిచ్చే పెద్ద కార్డు. దానికి కావాల్సిన జీతం కన్నా ఈమె జీతం తక్కువ. రాకపోవచ్చని నాకు తెలుసు. వచ్చినా రాకపోయినా దరఖాస్తు పంపితే నా పేరున ఒకటి జమ.

"మొదటే పెద్దది తీసుకుంటే మళ్లీ మార్చుకునే పనుండదమ్మా" అన్నాను. ఆమె నమ్మి సంతకాలు పెట్టింది.

పది పన్నెండు రోజులకు దరఖాస్తు తిరస్కరించినట్టు ఆమె ఫోనుకు మెసేజ్ వెళ్లింది. మర్నాడు ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది.

"రాలేదన్నారు సార్. నా వల్ల ఏటైనా తప్పయినాదా?"

"తప్పేం లేదమ్మా. జీతం సరిపోలేదు. ఆరు నెలలు పోయాక చూద్దాం."

తల ఊపింది గాని కదల్లేదు. కాసేపటికి ఎదురు బెంచీ మీద కూర్చుంది. నా ముందున్న ఇద్దరి పనీ అయిపోయింది. ఇంకా అక్కడే ఉంది. అప్పుడు పిలిచి అడిగాను, కార్డుతో అంత అవసరం ఏమొచ్చిందని.

"మా ఆయన సాల్మన్, ఎలట్రీషియను సార్" అని మొదలుపెట్టింది. "రెండేళ్ల కిందట ఒకాల మేడమీద వైరు లాగుతంటే కాలు జారి పడిపోనాడు. ఒక ప్రైవేటాసుపత్రికి తీసుకెల్లినాం. ఆరోగ్య పథకం కార్డు అక్కడ సెల్లదన్నారు. ముందు డబ్బు కడితేగాని లోపలికి తీసుకోమన్నారు. నా మెడలో గొలుసున్నాది. గొలుసు కౌంటర్లో తీసుకోరు కదండి. మా మరిది బండేసుకుని తిరిగి డబ్బు పట్టుకొచ్చేతలికి రెండు గంటలయిపోనాది. అందాకా మా ఆయన వరండాలో స్ట్రెచర్ మీదే ఉన్నాడు. మా ఎనకాల నిలబడినాయన ఎవరో జేబులోంచి కార్డు తీసి గీసినారు. ఆల మనిషిని లోపలికి తీసికెల్లిపోనారు."

"మూడోనాడు మా ఆయన పోయినాడు" అంది.

ఆమె ఏడవలేదు. వేరెవరికో జరిగింది చెబుతున్నట్టు నింపాదిగా చెప్పింది. నాకే ఆమె కళ్లలోకి చూడడం చేతకాలేదు.

మా వృత్తిలో ఎన్‌క్వయిరీ అనే మాటొకటుంది. ఎవరైనా కార్డుకో రుణానికో దరఖాస్తు చేస్తే, వాళ్ల అప్పుల చరిత్ర ఏమిటని బ్యాంకు ఆరా తీస్తుంది. ఆ ఆరా తీసిన సంగతి కూడా వాళ్ల చరిత్రలో నమోదవుతుంది. వెంటవెంటనే నాలుగు చోట్ల అడిగితే, ఈ మనిషి అప్పు కోసం తిరుగుతోందని తర్వాతి బ్యాంకు అనుమానిస్తుంది. ఏ అప్పూ ఎరగని మనిషి పేరు మీద మొట్టమొదటి రాత నేను రాయించింది అదే.

ఆ సంగతి ఆమెకు చెప్పాను. రాకపోవచ్చని తెలిసీ ఆ దరఖాస్తు ఎందుకు పంపానో కూడా చెప్పాను. ఆమె నా వైపే చూస్తూ విన్నది. తిడుతుందనుకున్నాను.

"సరే సార్, అయిందేదో అయిపోనాది" అంది. "ఇప్పుడు సరైంది సెప్పండి."

అప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. మొదటి కార్డు చిన్నదైనా ఫరవాలేదు, తిరస్కరణ లేకుండా వచ్చేదై ఉండాలి. ఏటా రుసుము ఉండకూడదు. ఎందుకంటే దాన్ని చాలా ఏళ్లు ఉంచుకోవాలి, కార్డు వయసు పెరిగేకొద్దీ మనిషి మీద బ్యాంకుకు నమ్మకం పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కార్డు మీంచి పై మెట్టుకు దారి ఉందో లేదో ముందే అడగాలి. కొన్ని కార్డులు ఎన్నేళ్లు వాడినా అక్కడే ఉంటాయి. పెద్దది కావాలంటే మళ్లీ కొత్త దరఖాస్తు, మళ్లీ ఆరా. కొన్నిటిని మాత్రం అదే ఖాతా మీద, అదే చరిత్రతో పెంచుతారు. మేము అప్‌గ్రేడ్ అనేది దాన్నే.

మా బ్యాంకులో అలాంటి కార్డు ఒకటుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చేది. డిపాజిట్ మీద బ్యాంకు తాళం వేసుకుంటుంది. దాని పేరు లీన్. ఆ సొమ్ములో ముప్పాతిక వంతు దాకా కార్డు మీద వాడుకోవచ్చు. ఏడాదిన్నరో రెండేళ్లో గడువు తప్పకుండా కడితే, మామూలు కార్డుగా మార్చి తాళం తీసేస్తారు. సాల్మన్ పోయాక చర్చి సంఘంవాళ్లూ తోటి పనివాళ్లూ పోగుచేసి ఇచ్చిన డబ్బు మా శాఖలోనే డిపాజిట్‌గా ఉంది.

"ఆ డబ్బు గురించైతే మా అత్తకి సెప్పాలి సార్" అందామె.

మర్నాడు అత్త మార్తమ్మ కోడలి వెంట వచ్చింది. అరవై దాటిన మనిషి. బల్లకు ఇటువైపు వచ్చి నా పక్కనే నిలబడింది.

"బాబూ, నిజం సెప్పు. ఇది అప్పే కదా?"

"అప్పేనమ్మా. గడువులోపల మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు. కట్టకపోతే ఇంత వడ్డీ మరి దేనికీ ఉండదు."

"కట్టలేకపోనాం అనుకో. అప్పుడేటి?"

"డిపాజిట్‌లోంచి బ్యాంకు తీసేసుకుంటుంది."

"అంటే మా వోడి పేరుమీద వొచ్చిన డబ్బుకి తాళం ఏసి, మాకే అప్పిస్తారన్నమాట."

"అంతేనమ్మా."

ఆమె కోడలి వైపు తిరిగి, "నీకు లెక్కలొచ్చు. నాకు రావు. నువ్వే సూసుకో" అని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియలేదు. ఎస్తేరు సంతకం పెట్టింది.

కార్డు వారంలో వచ్చింది. మొదటి నెలల్లో ఆమె దాంతో గ్యాస్ బండ, ఫోను రీచార్జి తప్ప ఏమీ కొనలేదు. ఒక నెల బిల్లులో మినిమం డ్యూ అని రాసి ఉన్న చిన్న మొత్తాన్ని చూసి, అంతే కట్టాలనుకుని అంతే కట్టింది. మర్నెల వడ్డీ పడింది. మినిమం డ్యూ అంటే కార్డు ఆగిపోకుండా ఉండడానికి కట్టాల్సిన కనీసపు మొత్తమే, అది కడితే వడ్డీ ఆగదు. ఆ ఒక్క మాట నేను చెప్పడం మరిచాను.

"సెప్పాల కదా సార్" అంది గట్టిగానే. "సదువుకున్నదాన్ని, నాకే ఇలగయితే మిగతావోల సంగతేటి?"

వడ్డీ తీసేయించడానికి ఉత్తరం రాశాను. సగమే తీశారు. మిగతాది ఆమే కట్టింది. ఆ తర్వాత మరి ఎప్పుడూ గడువు తప్పలేదు.

ఏడాదిన్నర అయ్యాక ఒకరోజు ఆమె మిల్లు నుంచి ఫోన్ చేసింది. కార్డు విభాగం నుంచి ఎవరో అమ్మాయి మాట్లాడి, మీకు అప్‌గ్రేడ్ వచ్చింది, విమాన ప్రయాణాల కార్డు తీసుకోండి అందట.

"విమానం మా ఇంట్లో ఎవులెక్కుతారు సార్? నాకు రెండే కావాలి. లిమిటు పెరగాల, డిపాజిట్ తాళం తియ్యాల. అలగుంటాదా, ఉండదా?"

ఉంటుందన్నాను. శాఖకు వచ్చి కాగితం రాసి ఇచ్చింది. పాత ఖాతా మీదే, పాత చరిత్రతోనే మామూలు కార్డు అయింది. ఏటా రుసుము లేదు. లిమిట్, అంటే కార్డు మీద వాడుకోగల మొత్తం, మూడింతలైంది. డిపాజిట్ మీద తాళం తీసేశారు. ఆ రోజు బయటికి వెళుతూ నాకు దండం పెట్టింది. నేను తిరిగి పెట్టాను.

ఆ తర్వాత నాలుగు నెలలకు, ఒక ఆదివారం చర్చిలో ఆరాధన జరుగుతుండగా మార్తమ్మ పాట మధ్యలో ఆగిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది, కుడిచెయ్యి జారిపోయింది. ఎస్తేరు ఆటోలో శ్రీకాకుళం తీసుకువెళ్లింది. పక్షవాతానికి ఇచ్చే ఇంజెక్షన్ గంటల లెక్కన పనిచేస్తుందట. కౌంటర్లో అడిగిన మొత్తం ఎస్తేరు అక్కడికక్కడే కార్డుతో కట్టింది. పది నిమిషాల్లో స్కానింగుకు తీసుకెళ్లారు.

ఈ సంగతులన్నీ ఆ తర్వాతి వారం ఆమె డిపాజిట్ రద్దు చేసుకోవడానికి వచ్చినప్పుడు తెలిశాయి. కార్డు బిల్లు గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఒక్క రోజు వడ్డీ కూడా పడకుండా డిపాజిట్ సొమ్ముతో కట్టేసింది. తాళం తీయించి ఉండకపోతే ఆ సొమ్ము చేతికి వచ్చేది కాదు. మార్తమ్మ బతికింది. మాట కొంచెం ముద్దగా వస్తోందని, కుడిచెయ్యి ఇంకా లేవడం లేదని చెప్పింది.

రసీదు ఇచ్చాక కూడా ఆమె లేవలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ. శాఖలో జనం పలచబడ్డారు.

"సార్, ఒక మాట అడుగుతాను. ఆ రోజు ఈ కార్డు నా కాడ ఉంటే మా ఆయన బతికుండీవోడా?"

నేను ఇరవై ఏళ్లుగా జనం ప్రశ్నలకు జవాబులు చెబుతున్నాను. వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఏ కాగితం కావాలి. ఇది అలాంటి ప్రశ్న కాదు. ఓదార్పుకని ఏదైనా చెప్పవచ్చు. కానీ ఆమెకు నేను ఒకసారి అబద్ధం చెప్పి ఉన్నాను.

"తెలీదమ్మా" అన్నాను.

"నాకూ తెల్దు సార్. డాక్టరుగారు కూడా సెప్పలేదు" అని రసీదు మడిచి సంచీలో పెట్టుకుని లేచింది.

ఇప్పుడు విజయనగరంలో పనిచేస్తున్నాను. నెలాఖరులు ఇక్కడా అలాగే వస్తాయి. కార్డు ప్రాణం పోస్తుందని నేను ఎవరికీ చెప్పను. అది అప్పే, జాగ్రత్త తప్పితే ముంచుతుంది. కానీ ఒక మనిషి మొదటి కార్డు కోసం వచ్చిందంటే, దాని వెనక ఎక్కడో ఒక కౌంటరు ముందు నిలబడ్డ రోజు ఉండవచ్చు. అందుకని ఫారం తీయకముందు, ఎందుకు కావాలో అడుగుతాను. చాలామంది నవ్వి, ఊరికేనండి అంటారు. కొందరు వెంటనే చెప్పరు. వాళ్లకు కుర్చీ వేసి, చెప్పేదాకా ఆగుతాను.