గీతకు అవతలి గుండీ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం నాది. రుజువు లేనిదే మా అమ్మ మాటైనా నమ్మను. ఈ ఒక్క సంగతి దగ్గరే నోరు మూతపడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఒక కొరియా ఆంటీ ఉండేది. కంపెనీ పని మీద నేను సియోల్ వెళ్తున్నానని తెలిసి, తన తలుపు దగ్గర నిలబడి ఒక నల్ల గుండీ ఇవ్వబోయింది. "గడప మీద ఇచ్చిపుచ్చుకోకూడదాంటీ" అంటూ లోపలికి అడుగుపెట్టి తీసుకున్నాను. ఏదీ నమ్మనంటూనే ఈ చాదస్తం ఒకటి! ఆంటీ నవ్వింది.

యుద్ధంలో వాళ్ళన్న ఉత్తర కొరియాలో ఉండిపోయాడు. విడిపోయేటప్పుడు ఈమె అతని కోటు పట్టుకుని వేలాడితే ఊడివచ్చిన గుండీ అది.

"పాన్‌ముంజోమ్‌కి మా వాళ్ళకి పర్మిషన్ కష్టం. నువ్వు ఫారినర్‌వి, పోనిస్తారు. ఒక్క నిమిషం దీన్ని అటువైపు ఉంచు. నేను మర్చిపోలేదని అన్నకి తెలియాలి."

చిన్నప్పటి గుండీని ముసలితనం దాకా దాచుకున్న మనిషికి కాదని ఎలా చెప్తాం?

రెండు కొరియాలూ యుద్ధం ఆపుకున్న చోటు పాన్‌ముంజోమ్. నీలం రంగు గది, మధ్యలో బల్ల. బల్ల నడిమిగానే సరిహద్దు గీత పోతుంది. నల్ల కళ్ళద్దాల సైనికులు కదలకుండా నిలబడ్డారు. బద్ధశత్రువులు ఇన్నేళ్ళుగా ఒకే బల్లను కాపాడుకుంటూ వస్తున్నారు. నిజంగా దండం పెట్టాలనిపించింది.

బల్ల మీదుగా చెయ్యి చాపినా సరిపోయేది. కానీ గడప గుర్తొచ్చింది; ఈ గీతా అలాంటిదేగా. చుట్టూ తిరిగి వెళ్ళి, రెండు కాళ్ళూ ఉత్తరం వైపు పెట్టి, గుప్పిట్లో గుండీతో నిలబడ్డాను. చెయ్యి ఉన్నట్టుండి వెచ్చబడింది. పక్కన ఎవరూ లేరు.

బస్సెక్కి గుప్పిట తెరిస్తే రెండు గుండీలున్నాయి! రెండోదానికి ఎర్రదారం వేలాడుతోంది. మధ్యలో గుప్పిట విప్పలేదు, ఒట్టు.

సింగపూర్ వచ్చాక, గడప దాటి లోపలికి వెళ్ళి రెండూ ఆంటీ చేతిలో పెట్టాను. ఎర్రదారం చూసి ఆమె కూలబడిపోయింది.

"అన్న కోటుకి ఈ గుండీని, నల్లదారం లేక ఎర్రదారంతో నేనే కుట్టాను. ఈ ముడి నాదే" అని వెక్కివెక్కి ఏడ్చింది. నా కళ్ళూ ఆగలేదు. కాసేపటికి తేరుకుని, "చెయ్యి చాపావా, దాటి వెళ్ళావా?" అంది.

"దాటే వెళ్ళానాంటీ."

"అందుకే ఇచ్చాడు."

తప్పులు వెతికే బుద్ధితో ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నా, ఆ గుండీ నా చేతిలోకి ఎలా వచ్చిందో ఈనాటికీ తెలియదు. కబురు మాత్రం అందింది. అన్న కూడా మర్చిపోలేదు.