పూలుపండ్లనాడు నేను పడేసిన రైలు

ఒక డాక్టరును ఆలస్యంగా రప్పించి, ఒక రైతు చేత ఎడ్లను అమ్మించి, నిండు రైలును నదిలోకి తోసి, వాటితోపాటు మా సుగుణక్క పెండ్లి సంబంధాన్ని కూడా ముంచబోయిన ఘనుణ్ణి నేను. ఇంత విధ్వంసానికీ నేను వాడిన ఆయుధం ఇంగ్లీషు గ్రామరు.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పి, వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ట్యుటోరియల్‌కు పోతున్నాను. అక్కడి సారు మా స్థాయిని ఒక్క చూపులో కొలిచాడు.

"మీకు ఇంగ్లీషంత అక్కర్లేదురా. ‘ఇఫ్’ ఒక్కటి పట్టుకోండ్రి. అది అడగని పేపర్ ఉండదు" అన్నాడు.

పట్టుకున్నాను. నిజానికి అదే నన్ను పట్టుకుంది. ఈ ఇంగ్లీషువాళ్ళది ఒక వింత పద్ధతి. అసలు జరగనే జరగని సంగతి చెప్పాలన్నా, దాన్ని తీసుకుపోయి గడిచిపోయిన కాలంలో కూర్చోబెడతారు. నిన్న జరిగి ఉంటే ఎట్లా ఉండేదో చెప్పాలంటే భూతకాలం దాటి, దాని తాత దగ్గరికి పోతారు. అర్థం చేసుకోవడం నా వల్ల కాలేదు కనుక వాక్యాలన్నీ బట్టీ పట్టాను. మీరెప్పుడైనా గమనించారా, ఆ వాక్యాల్లో ఒక్కడూ సుఖపడడు! రోగులు చస్తారు, వంతెనలు కూలుతాయి. అవును మరి, హాయిగా ఉన్నవాడికి ‘ఇఫ్’తో ఏం పని?

నాతో బట్టీ పట్టించింది సుగుణక్కే. మా పెద్దబాపు కూతురు. కాశిబుగ్గలో మావి పక్కపక్క ఇళ్ళు. పదో తరగతి పాసై, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాట్నం తిప్పేది. నేను తప్పు చెబితే రాట్నం ఆగేది. ఆ చప్పుడు ఆగితే ఇప్పటికీ నా గుండె ఒకసారి ఆగుతుంది.

ఆ అక్కకే కాజీపేట నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు రైల్వేలో గుమాస్తా. వాళ్ళ నాన్న గార్డుగా చేసి రిటైరైన మనిషి. పెద్దబాపుకు తెగ నచ్చింది. అయితే ఆ గార్డు మామ ఒక మాట అడిగాడట: "మీ ఇంట్ల ఇంగ్లీషు వచ్చినోళ్ళు ఎవలన్న ఉన్నరా బావా?"

"లేకేం! మా తమ్ముని కొడుకు గడగడ మాట్లాడుతడు" అన్నాడు పెద్దబాపు. గడగడ వణికేది నేనని ఆయనకు తెలియదు.

పూలుపండ్లనాడు, అంటే సంబంధం ఖాయం చేసుకునే రోజు, అందరూ కూర్చున్నాక పెద్దబాపు నా భుజం తట్టాడు.

"లే బిడ్డా. పిల్లగానితోని జర ఇంగ్లీషుల మాట్లాడు."

లేచాను. బుర్ర నున్నగా తుడిచిన పలక. నోరు మాత్రం దాని దారిన అది మొదలుపెట్టింది.

"ఇఫ్ ద డాక్టర్ హాడ్ కమ్ ఇన్ టైమ్, ద పేషెంట్ వుడ్ నాట్ హావ్ డైడ్."

డాక్టరు వేళకు వచ్చి ఉంటే రోగి చచ్చేవాడు కాదు. పెండ్లికొడుకు చిరునవ్వు నవ్వాడు. "యెస్, యెస్. వెరీ గుడ్."

పెద్దబాపు మీసం దువ్వాడు. నాకు ధైర్యం వచ్చింది. రైతు ఎడ్లను అమ్ముకోకుండా ఉంటే వాడి పిల్లలు పస్తులు పడుకునేవాళ్ళు కాదన్నాను.

"థాంక్యూ" అన్నాడు పెండ్లికొడుకు.

ఇక నన్ను ఆపేదెవరు? "ఇఫ్ ద గార్డ్ హాడ్ షోన్ ద రెడ్ ఫ్లాగ్, ద ట్రైన్ వుడ్ నాట్ హావ్ ఫాలెన్ ఇన్‌టు ద రివర్!"

అప్పటిదాకా వక్కలు కత్తిరించుకుంటూ పరధ్యానంగా ఉన్న గార్డు మామ ఎగిరి లేచాడు.

"ఏ రైలు? ఏ గార్డు? ఏడ పడ్డది?"

"పడలే మామా..."

"పడ్డదంటివి కద! ఎంతమంది సచ్చిండ్రు?"

"ఎవ్వలు సావలే. పడ్డట్టు అనుకోవాలె. గ్రామరు."

"మంచిగ పోతున్న రైలును పడ్డట్టు ఎందుకు అనుకోవాలెరా?"

ఇది మా ట్యుటోరియల్ సారును అడగాల్సిన ప్రశ్న.

అంతలో అత్తమ్మ, అంటే పిల్లవాడి తల్లి, పండ్ల తట్ట చేతిలోకి తీసుకుని లేచింది. "శుభమా అని వస్తె సావు ముచ్చట్లేంది అన్నా? నడువుండ్రి, పోదాం."

పెద్దబాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. సరిగ్గా అప్పుడు తలుపు పరదా వెనక నుంచి నవ్వు. ఆపుకుందామనుకుని ఆపుకోలేని నవ్వు.

"నవ్వుడేంది పిల్లా?" అంది అత్తమ్మ.

సుగుణక్క పరదా చాటు నుంచే చెప్పింది. "ఏం లేదత్తమ్మా. మనిషి సచ్చిండంటె వెరీ గుడ్ అన్నడు. పిల్లలు పస్తులున్నరంటె థాంక్యూ అన్నడు. మీ పిల్లగాడు ఎంత మర్యాదస్తుడో అని."

అందరూ పెండ్లికొడుకు వైపు తిరిగారు. అతని ముఖం పెట్టెలో తెచ్చిన కుంకుమతో పోటీ పడుతోంది.

"నాకు వచ్చిందే ఆ రెండు ముక్కలు" అన్నాడు నేల చూస్తూ. "రెండూ అనేసిన."

గార్డు మామ మెల్లగా కూలబడ్డాడు. "మా వానికి రాదు గనుకనే అడిగిన బావా. రేపు మనుమలకు చదువు చెప్పాలన్నా ఇంట్ల ఒక్కలకన్న రావాలె గద."

పెద్దబాపు పరదా వైపు చూశాడు. "మరి నువ్వేమంటవు బిడ్డా?"

లోపలి నుంచి సుగుణక్క గొంతు సన్నగా వినిపించింది. "ఒక్క అబద్ధానికే ముఖం అంత ఎర్రగయితే, ఆయన దగ్గర ఇంకేం దాగుతది బాపూ? నాకు ఇష్టమే."

ముందు నవ్వింది పెండ్లికొడుకే. అత్తమ్మ తట్ట కింద పెట్టింది.

పెండ్లినాడు పందిట్లో ఎవరో సుగుణక్కతో "మీ తమ్మున్ని రెండు ముక్కలు మాట్లాడమనుండ్రి" అన్నారు. నేను గొంతు సవరించుకునేలోపే పెద్దబాపు నా నోట్లో లడ్డు కుక్కాడు. అది నములుతూ, అగ్నిసాక్షిగా నేనూ ఒక ప్రమాణం చేశాను. ఇక ఏ శుభకార్యంలోనూ గడిచిన కాలం జోలికి పోను. అన్నానికి పిలిస్తే మాత్రం ‘వస్తున్నా’ అంటాను. అదీ తెలుగులో, వర్తమాన కాలంలో, లేచి నడుస్తూనే.