మల్లయ్య గురక, బావ కాపలా

బేస్తవారిపేట పక్కన కోతలైపోయాక గొర్రెల మందలకు పిలుపులొస్తాయి. రాత్రిళ్లు మంద పడుకుని లేచిన చేనికి వేరే ఎరువక్కర్లేదు. అందుకే రైతులు కాపరులను పిలిచి, అన్నం పెట్టి, తమ చేలో మంద పెట్టించుకుంటారు. వెంకటసుబ్బయ్య, ఆయన బావమరిది మల్లయ్య తమ రెండు మందలనూ కలిపే తోలుకెళ్లేవాళ్లు. చీకటి పడ్డాక మందకు ఇవతల వెంకటసుబ్బయ్య కర్ర పట్టుకుని కూర్చునేవాడు. అవతల మల్లయ్య గొంగడి పరుచుకుని గురక పెట్టేవాడు.

ఆ గురక గురించి చెప్పుకోవాలి. ఘాటురోడ్డు ఎక్కలేక మూలుగుతున్న లారీకి, దానికి పెద్ద తేడా లేదు. నిద్ర సుఖమెరుగదన్నట్టు రాళ్లమీద పడేసినా మల్లయ్య అట్లాగే నిద్రపోతాడు.

కూర్చున్నవాడు కాపలా కాస్తున్నాడని, పడుకున్నవాడు సోమరి అని ఎవరైనా అనుకోవాలి. లోకానికి అంత న్యాయం ఎక్కడ ఏడిసింది? చేను గల రంగనాయకమ్మ ఏటా అదే మాట అనేది.

"మల్లయ్య గురక మా ఇంటిదాకా ఇనపడతాది. ఆ మోత ఉన్నన్నాళ్లూ తోడేలు ఈ దిక్కు రాదు."

అని ఊరుకునేది కాదు, మల్లయ్య అన్నంలో ఇంకో గరిటె నెయ్యి వేసేది. తెల్లవార్లూ కళ్లు కాయలు కాచేలా కూర్చున్న వెంకటసుబ్బయ్యకు మజ్జిగ. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ నెయ్యి వాసనకు ఆయన కడుపు భగ్గున మండేది. ఇంటికొస్తే భార్య శ్రీశైలమ్మ ఆ మంటమీద ఇంకాస్త కారం చల్లేది. "మా తమ్ముడు నిద్రలో గూడా పని చేస్తాడు," అని మురిసిపోయేది.

ఈ ఏడు రంగనాయకమ్మ ఇంకో మాట కలిపింది. "వచ్చే ఏడు నుంచి మల్లయ్య మంద ఒక్కటే చాలులే."

ఆ మాటకు వెంకటసుబ్బయ్య మజ్జిగన్నం సగంలో వదిలి లేచాడు. తరతరాలుగా తన వాళ్లు మంద పెట్టిన చేను అది. తనను కాదని ఈ గురకగాడినా? ఈ గురక ఆగితే గాని ఎవరు కాపలాదారో, ఎవరు కాదో ఊరికి తెలియదనుకున్నాడు. ఎక్కడలేని ప్రేమ ఒలకబోస్తూ మల్లయ్య దగ్గర కూర్చున్నాడు.

"ఇంత గురక ఒంటికి మంచిది కాదంట. మందేస్తాను, ఇనుకో."

"నువ్వు చెబితే వద్దంటానా బావా," అన్నాడు మల్లయ్య.

మొదట ముక్కులో వెచ్చటి నెయ్యి చుక్కలు పడ్డాయి. మల్లయ్య తుమ్మి, నవ్వి, పడుకుని ఇంకాస్త నున్నగా గురక పెట్టాడు. తర్వాత బావ పసుపు వేసిన నీళ్ల ఆవిరి పట్టించాడు. ముక్కు శుభ్రమైంది, గురకకు దారి వెడల్పైంది. వెంకటసుబ్బయ్య మార్కాపురం పోయి, మందుల దుకాణం సత్యానందం దగ్గర ముక్కుకు పెట్టే రబ్బరు క్లిప్పు, గడ్డానికి కట్టే పట్టీ తెచ్చాడు. క్లిప్పు మొదటి తుమ్ముకే ఎగిరి గొర్రెల్లో పడింది. పట్టీ కట్టాక మల్లయ్య పంటినొప్పి మనిషిలా కనబడ్డాడు, గురక మాత్రం తగ్గలేదు.

రెండోసారి పోతే సత్యానందం ఉన్నమాట చెప్పాడు. "పెదనాయనా, ఇవి అందరికీ పని చెయ్యవు. ఎల్లకిలా పడుకుంటే నాలిక ఎనక్కి జారి గొంతుకు అడ్డం పడతాది. పక్కకు తిరిగి పడుకోమను, చాలామందికి దాంతోనే తగ్గుద్ది."

మల్లయ్య నిద్రలో పక్కకు తిరిగి ఉండే రకం కాదు. వెంకటసుబ్బయ్య గొర్రె ఉన్నిని రాయిలా గట్టిగా ఉండ చుట్టి, మల్లయ్య చొక్కా వీపున లోపలివైపు పెట్టి కుట్టేశాడు. వెల్లకిలా తిరిగితే అది గుచ్చుకుంటుంది, మనిషి మళ్లీ పక్కకే తిరుగుతాడు.

ఆ రాత్రి గురక లేదు. చేనంతా నిశ్శబ్దం. వెంకటసుబ్బయ్యకు పండగలా ఉంది. రేపు రంగనాయకమ్మ ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటూ కర్రకు గడ్డం ఆనించాడు. ఇన్నేళ్లూ తన రెప్ప వాలినప్పుడల్లా ఉలిక్కిపడేలా చేసింది ఆ లారీ మోతేనన్న సంగతి ఆయనకు తట్టలేదు. గాలి చల్లగా వీచింది. మంద కుక్క మొరిగిందని తర్వాత పక్క చేలవాళ్లు చెప్పారు. ఆయనకు వినబడలేదు.

తెల్లారేసరికి మంద చెదిరిపోయి ఉంది. తోడేలు మల్లయ్య గొర్రెపిల్లలు రెంటిని ఎత్తుకుపోయింది. వెంకటసుబ్బయ్య మందలో ఒక్కటీ పోలేదు. అదే ఆయన్ను తలెత్తనివ్వలేదు.

రంగనాయకమ్మ గట్టుమీదికొచ్చి చూసింది. "కాపలా ఎవరున్నారు?"

మల్లయ్య చెదిరిన గొర్రెలను అదిలిస్తూ ఆమెకు బదులిచ్చాడు. "ఎప్పుడూ బావే గదక్కా. ఆయన కూర్చుంటాడనే ధీమాతో నాకట్ల ఒళ్లు తెలీని నిద్ర పడతాది. ఒక్కణ్ణే ఉన్ననాడు నేను రెప్ప మూసిందే లేదు. మనిషన్నాక ఆయనకూ ఒకనాడు కునుకు పడదా? ఏమీ అనమాక."

అని చెప్పి వచ్చి బావ భుజంమీద చెయ్యేశాడు. వెంకటసుబ్బయ్య ఆ చెయ్యి తియ్యలేదు. గొర్రెపిల్లలు పోయినవాడు తనను ఓదారుస్తున్నాడు. ఒక మనిషిని నమ్మి అంత నిశ్చింతగా కన్ను మూయడం తనకు పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ చేతకాలేదు. ఇన్నాళ్లూ ఆ గురకను చూసి కుళ్లుకున్నాడు. ఇప్పుడు ఆ నిద్రను చూసి కుళ్లుకున్నాడు. దీనికి మార్కాపురంలో మందు దొరకదు.