ఒక్క ఫ్లాస్కు

న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లోని ఓ అంటార్కిటికా పరిశోధన కేంద్రం క్యాంటీన్‌లో టీ కాచేది రాహేలమ్మ. ఆమె అల్లం దంచితే కిటికీలు అదరాలి. అంటార్కిటికా వెళ్లి కలిసి మంచు తవ్వే అమెరికా, చైనా సైంటిస్టులు ఆమె బల్ల మీదే కప్పులు పక్కకి జరిపి మ్యాపులు పరుచుకునేవారు. ఈ సోమవారం మేనేజరు ప్రణీత్ ఆ బల్ల తీయించి, రెండు బల్లలు, రెండు ఫ్లాస్కులు పెట్టించాడు. “వాళ్ల దేశాలకి పడట్లేదు ఆంటీ. ఇకనుంచి ఎవరి టీ వాళ్లకే. పైనుంచి ఆర్డర్.”

రాహేలమ్మ ఏప్రన్ ముడి బిగించింది. “మా ఊరి టీకొట్లో మా నాన్నకి వేరే గ్లాసు పెట్టేవాళ్లు బాబూ. తాగి, ఆయనే కడిగి బోర్లించాలి. అలా వేరు పెట్టే పని నా చేత్తో చెయ్యను.” “ఉద్యోగం పోద్ది ఆంటీ!” అన్నాడతను. “పోతే పోనీ” అంది. బల్లలు రెండూ తుంటితో నెట్టి కలిపేసి, మధ్యలో ఒక్క ఫ్లాస్కు పెట్టి, టీకి రమ్మని గంట కొట్టింది.