డానియేలు తాత తుపాకీ అర్జీ

డానియేలు తాతకు తొమ్మిది మంది మనవలు. ఒక్కరి పుట్టినరోజూ గుర్తుండదు గానీ, తుపాకీ నంబరు మాత్రం నిద్రలో అడిగినా చెప్పేవాడు.

యాకుత్‌పురాలో ఒక నగల దుకాణం ముందు ముప్పై ఒక్క ఏళ్లు కాపలాకు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దుకాణం సేటుది, తుపాకీ తాతది. సొంత తుపాకీ, సొంత లైసెన్సు ఉన్నవాడికే ఆ కొలువు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని ఠాణాలో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు, ఓట్ల లెక్కింపు అయ్యాక వెళ్లి తెచ్చుకునేవాడు. ఆ నడిమి రోజులన్నీ కుడి భుజం తడుముకుంటూ తిరిగేవాడు. ఆ భుజం ఒరుసుకుపోకుండా, తుపాకీ పట్టీకి పాత చీర మడతలు వేసి మెత్తగా కుట్టిచ్చింది ఆయన భార్య నాగమణమ్మ. ఆమె పోయి నాలుగేళ్లయింది.

మొన్నటి ఎన్నికలప్పుడు అప్పజెప్పిన తుపాకీ తిరిగి రాలేదు. అప్పటికి తాత కొలువు మానేశాడు, లైసెన్సు గడువు కూడా తీరిపోయింది. “ఇంక నీకు దేనికి పెద్దాయనా” అని ఠాణావాళ్లు మళ్లీ ఇవ్వలేదు.

జల్‌పల్లి ఇంట్లో కూతురు స్వరూప ముందు తెల్లకాగితం పెట్టాడు. ఆమె సర్కారు బడిలో సోషల్ టీచరు.

“అర్జీ రాయి బిడ్డా. తుపాకి నా రాజ్యాంగ హక్కని పెద్దగ రాయి.”

“గట్ల ఏడ లేదు బాపు. అమెరికాల ఉందంట. మనకాడ సర్కారు పర్మిషన్ ఇస్తది, వద్దనుకుంటే తీసుకుంటది.”

రాజ్యాంగం పుస్తకం తెచ్చి పంతొమ్మిదో అధికరణం తీసింది. తాత వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివాడు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. ‘లేకుండా’ దగ్గర వేలు ఆగిపోయింది.

“మరి సర్దార్జీల కృపాణం?”

“అది వాళ్ల మతం లెక్క. దాని ముచ్చట గూడ ఈ పుస్తకంలనే రాసి ఉంది.”

“మనం గూడ చర్చికి తుపాకి పట్టుకపోతే?”

“పాస్టరు గోడ దుంకుతడు.”

తాత నవ్వలేదు. వంకర అక్షరాలతో అర్జీ తానే రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

రాజ్యాంగ దినం నాడు పిల్లలతో మాట్లాడమని స్వరూప ఆయన్ని బడికి తీసుకుపోయింది. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, లేని తుపాకీకి ఎడం ఇచ్చినట్టు కుడి భుజం కొంచెం ఎత్తి నిలబడ్డాడు.

“తాతా, ఎంతమందిని కాల్చినవ్?” అని అడిగారు పిల్లలు.

“ఒక్కసారి గూడ కాల్చలే. గీ ముచ్చట దొంగలకు చెప్పకుండ్రి.”

తరగతి గొల్లుమంది. మొదటి బెంచీలో ఉన్న మున్నీ మాత్రం చెయ్యెత్తింది.

“హక్కంటే అందరికీ ఉంటదని టీచర్ చెప్పింది. మరి నీకు తుపాకి హక్కుంటే నాక్కూడ ఇస్తరా?”

మున్నీ వెనక బెంచీలో ఇద్దరు స్కేలు కోసం జుట్లు పట్టుకుని ఉన్నారు. తాత వాళ్లను చూసి, మున్నీ వైపు తిరిగాడు.

“లేదు బిడ్డా. నాక్కూడ హక్కు లేదు. నమ్మి ఇచ్చిండ్రు, గంతే.”

మరునాడు ఠాణాకు వెళ్లాడు. అర్జీ జేబులోంచి తీయలేదు. తుపాకీ వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి, రసీదు ముందుకు జరిపాడు.

“సారూ, రసీదుల తుపాకి ఒక్కటే రాసిండ్రు. పట్టీ రాయలే. అది ఇప్పిస్తరా?”

ఎస్సై రసీదు చూశాడు, తాతను చూశాడు. కానిస్టేబుల్ లోపలికి వెళ్లి దుమ్ము పట్టిన తుపాకీ నుంచి పట్టీ విప్పి తెచ్చాడు. చీర మడతల మీద నీలం పూలు వెలిసిపోయాయి గానీ, ఒక్క కుట్టూ వదల్లేదు.

తాత దాన్ని కుడి భుజానికి తగిలించుకుని బస్సెక్కాడు.

“ఏంది పెద్దాయనా, ఒట్టి పట్టీ తగిలించుకున్నవ్?” అన్నాడు పక్కసీటాయన.

“మా ఇంటామె కుట్టింది” అన్నాడు తాత. జల్‌పల్లి దాకా ఆ భుజం మీంచి చెయ్యి తీయలేదు.